బురదలో పట్టిన బంతి

కోచ్ రాయిస్ టాలీని పోయిన వారం మంచి కోపంలో వదిలి వచ్చాం. ఆయనకు కోపం అన్నం లాంటిది, పూటకింత తింటాడు. కాబట్టి మనం లేనందువల్ల ఆయనకు లోటేమీ జరగలేదు. అయినా ఈ వారమే పత్రిక తెరిచినవాళ్ళు కొందరుంటారు గనక, జరిగింది నాలుగు మాటల్లో చెబుతాను.

అమెరికాలో, అలబామాలోని మార్బరీ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు టాలీ పంతొమ్మిదేళ్ళుగా కోచ్. మనం కాళ్ళతో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని, బంతి చేత్తో విసిరి పట్టుకుంటూ, ఒకరినొకరు పడదోసుకునే అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. మొన్న శనివారం మ్యాచ్‌లో, రెండో సగం మొదలైన కాసేపటికే, జట్టు కెప్టెన్ లూథర్ నెటిల్స్ అవతలి జట్టువాడితో తలకు తల ఢీకొన్నాడు. హెల్మెట్ల చప్పుడు పైమెట్ల మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించింది. లూథర్ లేచాడు, ఒళ్ళు దులుపుకున్నాడు, తిన్నగా వెళ్ళి అవతలి జట్టు గుంపులో నిలబడ్డాడు. ఒక ఎత్తుకూ ఇంకో ఎత్తుకూ మధ్య ఆటగాళ్ళు గుండ్రంగా చేరి గుసగుసలాడుకుంటారే, ఆ గుంపులో. వాళ్ళే నవ్వి, భుజాలు పట్టుకుని ఇటు తిప్పి పంపారు. ఆ తర్వాత లూథర్ బెబ్బులిలా ఆడాడు, మార్బరీ గెలిచింది. ఆదివారం చర్చి అయ్యాక కోచ్ జట్టునంతా చీకటి గదిలో కూర్చోబెట్టి మ్యాచ్‌ని సినిమా తీసిన రీలు తిప్పాడు. ఆ ముక్క దగ్గర ఆపి, వెనక్కు తిప్పి, మళ్ళీ మళ్ళీ వేశాడు. కుర్రాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు.

నవ్వనివాడు వెండెల్ పెట్‌వే ఒక్కడే. పెట్‌వే టాలీ కింద పనిచేసే కోచ్. ఆ కాలేజీ మైదానంలో మెడలో విజిల్ వేసుకున్న మొదటి నల్లజాతివాడు. లూథర్ తల్లి వెళ్ళే చర్చికే అతనూ వెళ్తాడు. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళి, రాబోయే శనివారం కార్డెల్ కాలేజీతో జరిగే మ్యాచ్‌కి లూథర్‌ని ఆడించవద్దన్నాడు. "ఆడలేనివాడికి దారి తెలుసు, మేకు ఎక్కడుందో కూడా తెలుసు. వాణ్ణే వచ్చి తీసుకోమను" అన్నాడు టాలీ. అక్కడ ఆగాం.

ఆ మేకు ఆటగాళ్ళ బట్టల గది గుమ్మం పక్కన ఉంటుంది. దానికి ఆవపిండి రంగు చొక్కా ఒకటి వేలాడుతూ ఉంటుంది. దెబ్బ తగిలిందనేవాడు ఎవడైనా సరే, అందరూ చూస్తుండగా తన చేత్తో ఆ చొక్కా తీసి తొడుక్కోవాలి. తొడుక్కుని, కోచ్ ఎక్కి కూర్చునే ఇనప మంచె కింద, రంపప్పొట్టు పోసిన గోతిలో సాధన ముగిసేదాకా ఎలుగుబంటిలా చేతుల మీదా కాళ్ళ మీదా పాకాలి. టాలీ పెట్టిన రూలు అది. ఈ రూలు వచ్చాక మార్బరీలో దెబ్బలు తగలడమే తగ్గిపోయిందని ఆయన విందుల్లో గర్వంగా చెప్పేవాడు. తగ్గింది దెబ్బలు కాదు, చెప్పుకోవడం. ఈ తేడా ఊళ్ళో చాలామందికి తెలుసు, ఆయన దగ్గర అనే ధైర్యం ఎవరికీ లేదు.

కాలం మాత్రం ఎవరి ధైర్యం కోసమూ ఆగలేదు. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు వచ్చేసింది. కుర్రాళ్ళ జుట్టు చెవుల మీదికి దిగింది. టాలీ కత్తెర పట్టుకుని రెండేళ్ళు పోరాడి చివరికి చెవి దాకా ఒప్పుకున్నాడు. ఎండలో సాధన చేసేటప్పుడు నీళ్ళు తాగితే ఒళ్ళు మెత్తబడుతుందని ఆయన నమ్మకం. ఇప్పుడు కాలేజీ పెద్ద డీన్ రోజూ ఫోన్ చేసి నీళ్ళ పీపా పెట్టమంటున్నాడు. తల్లులు ఫోన్ చేస్తున్నారు. అన్నిటికన్నా ఆయనకు మింగుడుపడనిది కుర్రాళ్ళు ప్రశ్నలు అడగడం. ముందర "ఎంతసేపు కోచ్" అనేవాళ్ళు. ఇప్పుడు "ఎందుకు కోచ్" అంటున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఆ మాట చెవిలో చీమ దూరినట్టు ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం, సాధనకు ఇంకా గంట ఉందనగా, లూథర్ నెటిల్స్ తలుపు తట్టి లోపలికి వచ్చాడు. వచ్చి, కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

ఆ గదిలో కోచ్ ఎదుట ఆటగాడు కూర్చోవడం టాలీ ఎరిగినంతలో జరగలేదు. పుగాకు ఉమ్మే డబ్బా పక్కన పెట్టి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఏరా, కాళ్ళు నొప్పులా?"

"లేదు కోచ్. ఒక మాట అడుగుదామని."

"కార్డెల్ వాళ్ళ గురించైతే అడుగు. నీళ్ళ గురించైతే వద్దు. డీన్ పొద్దుటే నా చెవులు తినేశాడు."

"బురద కథ గురించి."

టాలీ ముఖం విప్పారింది. కుర్చీలో వెనక్కి వాలాడు. కార్డెల్‌తో మ్యాచ్ ఉన్న వారంలో, గురువారం సాయంత్రం, సాధన అయ్యాక మైదానంలోనే ఆయన ఆ కథ చెబుతాడు. ముప్ఫై ఎనిమిదిలో ఆయన ఇదే జట్టుకు ఆడుతున్నప్పుడు, కార్డెల్ మీద, కుండపోత వానలో, ఆఖరి నిమిషంలో, తలకు దెబ్బ తగిలి కూడా బంతి పట్టి గెలిపించిన కథ. వినడానికి పాత విద్యార్థులు మడత కుర్చీలు పట్టుకుని వస్తారు. మార్బరీలో చేరిన కుర్రాడికి కాలేజీ పాటకన్నా ముందు ఆ కథ వస్తుంది.

"ఎల్లుండి వింటావుగా. అంత తొందరేం?"

"మూడేళ్ళు విన్నాను కోచ్. కంఠతా వచ్చు. మీకు దెబ్బ రెండో సగం మొదట్లో తగిలింది, అవునా?"

"మొదట్లోనే. కార్డెల్ వాడి మోకాలు. ఇదిగో, ఇక్కడ." టాలీ ఎడమ చెవి పైన వేలితో తట్టాడు.

"అయినా చివరిదాకా ఆడారు."

"ఆడక? మా రోజుల్లో ఒంట్లో బాగాలేదంటే మా కోచ్ మమ్మల్ని బండికి కట్టేవాడు."

"బంతి ఎడమచేత్తో పట్టారు. అది చల్లగా ఉంది, సబ్బుముక్కలా జారింది. పడ్డప్పుడు బురద నోట్లోకి పోయింది, ఉప్పగా ఉంది. ఎవరి ఒంటి మీదా నంబరు కనపడటం లేదు." లూథర్ పాఠం అప్పజెప్పినట్టు చెప్పి ఆగాడు. "మీకు ఇవన్నీ గుర్తే."

"ఆ."

"నాకు శనివారం గుర్తు లేదు కోచ్."

టాలీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"సగం ఆట అయ్యాక కమలాపండు ముక్కలు పంచారు. నా చేతిలో తొక్క ఉంది, ఎక్కడ పారెయ్యాలా అని చూస్తున్నాను. అక్కడిదాకా ఉంది. ఆ తరవాత మా అమ్మ వంటింట్లో కూర్చునున్నాను. ముందు పళ్ళెం. సగం తినేశాను కూడా. అమ్మ 'ఇంకో రొట్టెముక్క వెయ్యనా' అంటోంది. నేను ఎలా వచ్చానో, ఎవరు దింపారో తెలీదు. గెలిచామో లేదో తెలీదు. అమ్మనడిగితే భయపడుతుందని రేడియోలో వార్తలు వచ్చేదాకా ఆగాను."

"ఆదివారం రీలు చూసి నవ్వావుగా?"

"అందరూ నవ్వారని నవ్వాను. నా యాభై నాలుగో నంబరు వేసుకున్నవాడు ఎవడా, భలే ఆడుతున్నాడే అనుకున్నాను."

బయట నిచ్చెన ఎవరో గచ్చు మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. టాలీ బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టే ఇత్తడి బంతిని అటు నుంచి ఇటు జరిపాడు. ఆయనకు తెలిసిన జవాబు ఒకటే ఉంది, అదే అన్నాడు.

"మరి చొక్కా ఎందుకు తీసుకోలేదు?"

"మీరు తీసుకోలేదుగా."

ఆ మాటలో పొగరు లేదు. ఉంటే బాగుండేది, టాలీకి పొగరుతో ఎలా మాట్లాడాలో తెలుసు. కుర్రాడు నిజంగా జవాబు కోసం చూస్తున్నాడు.

"మీకూ ఇదే దెబ్బ, ఇదే చోట," అన్నాడు లూథర్. "మీకేమో బురద రుచి కూడా గుర్తుంది. నాకు ఏదీ లేదు. మీది గట్టి తల, నాది మెత్తన అనుకుందాం, పోనీ. ఏదో కిటుకు ఉండి ఉంటుంది కదా కోచ్. గుర్తు పెట్టుకోడానికి. అది చెప్తారని వచ్చాను. నేను శనివారం ఆడతాను. ఆడనని చెప్పడానికి రాలేదు. మళ్ళీ తగిలితే ఈసారి పోకుండా పట్టుకుందామని, అంతే."

ఇరవై రెండేళ్ళ మనిషి. ఎదురొచ్చినవాణ్ణి గుమ్మడికాయలా నేలకు కొట్టగల భుజాలు. వీడి తల్లి ఎర్లీన్ వంటింట్లో, చిలగడదుంపతో చేసిన 'పై' అనే తీపి రొట్టె తింటూ, "వీణ్ణి ఎలా తీసుకెళ్తున్నానో అలాగే మీకు తెచ్చి ఇస్తానమ్మా" అని టాలీ మాటిచ్చాడు. ఇప్పుడు ఆ తీపి రుచి ఆయనకు నాలుక మీదికి వచ్చింది.

"ఇవాళ హెల్మెట్ పెట్టుకోకు," అన్నాడు చివరికి. "మంచె పక్కన నిలబడి కొత్తవాళ్ళని చూస్తుండు."

"చొక్కా వేసుకోనా?"

"వేసుకోమన్నానా నేను? పో."

లూథర్ లేచి వెళ్ళిపోయాడు. కిటుకు దొరకలేదని ముఖం చిన్నబుచ్చుకునే వెళ్ళాడు.

కిటుకేమీ లేదు. ఇది ఈ ప్రపంచంలో రాయిస్ టాలీ ఒక్కడికే తెలిసిన సంగతి. ముప్ఫై ఎనిమిది నవంబరులో ఆయనకు గుర్తున్నది ఇంతే: వాన, మెట్ల మీద గళ్ళ గొడుగొకటి గాలికి తిరగబడటం. ఆ తర్వాత హోటల్లో చేతిలో చెంచా, ముందు నత్తగుల్లల సూపు, ఎదురుగా కుర్చీ ఎక్కి నిలబడి కథ చెబుతున్న హోయ్ట్ క్రెన్‌షా. ఆ మ్యాచ్‌లో బంతి విసిరినవాడు హోయ్ట్. "రాయిస్ ఎడమచేత్తో పట్టాడు" అని అతను చెబుతుంటే అందరితో పాటు రాయిస్ కూడా విన్నాడు. ఎడమచేయి, చల్లటి బంతి, ఉప్పటి బురద, అన్నీ ఆ రాత్రి హోయ్ట్ నోటి నుంచి వచ్చినవే. మర్నాడు ఊరంతా భుజం తట్టింది. భుజం తట్టినవాడికి "నాకేం తెలియదు" అని ఎవడు చెబుతాడు? ఆ కథ మీదే ఉద్యోగం వచ్చింది. ఆ కథ మీదే చొక్కా రూలు పెట్టాడు. నేను తట్టుకున్నాను కాబట్టి మీరూ తట్టుకోండి అని.

ఆ సాయంత్రం సాధనలో కెప్టెన్ హెల్మెట్ లేకుండా, ఆవపిండి చొక్కా కూడా లేకుండా ఊరికే నిలబడి ఉండటం అందరూ చూశారు. సాధన అయ్యాక పెట్‌వే మంచె మెట్ల దగ్గర కాచుకుని ఉన్నాడు.

"కోచ్, మీరు మెత్తబడ్డారని కుర్రాళ్ళు అనుకుంటున్నారు."

"నేనా?"

"పోయిన నెల ఆ కొత్తవాడు మోకాలు వాచిందంటే గోతిలో పాకించారు. లూథర్‌కి మాత్రం నీడలో నిలబడే వరం. వాడు కెప్టెనని ఓ న్యాయం, వీడు కొత్తవాడని ఓ న్యాయమా?"

"నువ్వే కదయ్యా వాణ్ణి ఆడించొద్దన్నావు."

"ఆడించొద్దనే ఇప్పటికీ అంటున్నాను. కానీ మీరు వాణ్ణి దాచారు. ఆ రూలు తప్పని మీకు అనిపిస్తే తీసెయ్యండి. ఒప్పనిపిస్తే వాడి చేత పాకించండి, వాళ్ళమ్మను తీసుకొచ్చి ఈ గట్టు మీద కూర్చోబెడతాను, చూస్తుంది."

"నీ నోరు ఎక్కువవుతోంది, వెండెల్."

"నోరు చూసే పెట్టుకున్నారు కదా నన్ను," అన్నాడు పెట్‌వే నవ్వుతూనే. తర్వాత నవ్వడం మానేశాడు. "శనివారం లూథర్ హెల్మెట్ పెట్టుకుంటే, నా విజిల్ మీ బల్ల మీద ఉంటుంది కోచ్. బెదిరింపు కాదు. ఆదివారం ఆ తల్లి పక్కన కూర్చుని నేను పాటలు పాడాలి."

టాలీ కారు దగ్గరికి నడిచాడు. ఆయనతో అలా మాట్లాడగలవాళ్ళు చాలా తక్కువ, అందుకే పెట్‌వే మీద కోపంతో పాటు కొంచెం ముచ్చట కూడా వేసింది.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాడు. భార్య వెర్నా చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె, మజ్జిగ పెట్టింది. ఆవిడ ఆయన ముఖాన్ని పుస్తకంలా చదవగలదు, కానీ భోజనమయ్యేదాకా చదవనట్టు ఉండటం ఆవిడ మంచితనం.

"రేపు బురద కథ కదా. హోయ్ట్‌కి ఇష్టమని పీకన్ పప్పుల పై చేస్తున్నా."

"వెర్నా, ఆ రాత్రి హోటల్లో నేను నీతో ఏమన్నాను?"

"ఇప్పుడెందుకు?"

"నీ నోట వినాలని."

వెర్నా చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "నేను ఆకుపచ్చ గౌను వేసుకున్నాను. ఎవరో నన్ను నీకు పరిచయం చేశారు. నువ్వు కాసేపు నన్నే చూసి, 'ఇవాళ్టికి బురద రంగు కానిది ఏదైనా నాకు అందంగానే ఉంటుంది' అన్నావు. మా అక్కకి కోపమొచ్చింది, పొగిడాడా తిట్టాడా అని, భోజనాలు మొదలవకముందే నన్ను ఇంటికి లాక్కుపోయింది. నాకు మాత్రం ఈ మొద్దు సరిపోతాడనిపించింది."

టాలీ నవ్వాడు. ఆ మాట చాలా బాగుంది. ఎవరన్నారో గానీ తెలివైనవాడు అనిపించింది. ఆ రాత్రి వెర్నా ఆకుపచ్చ గౌనులో ఎలా ఉందో ఆయనకు తెలియదు. ఆ గౌనును ఆయన ఫోటోలో మాత్రమే చూశాడు, అందులో అది బూడిద రంగులో ఉంది. బంతి జ్ఞాపకం పోయినందుకు ఎప్పుడూ బాధపడలేదు. గౌను పోయినందుకు ఇప్పుడు బాధ వేసింది.

"నీకు గుర్తు లేదు కదూ," అంది వెర్నా.

ఆయన రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"ఎప్పట్నించి తెలుసు?"

"చాలా ఏళ్ళుగా. మన పెళ్ళి కథ చెప్పేటప్పుడు నువ్వు ప్రతిసారీ ఏదో ఒకటి తప్పు చెప్తావు. ఓసారి వాన అంటావు, ఓసారి ఎండ అంటావు. నిజంగా గుర్తున్నది అలాగే, కాస్త అటూ ఇటూగా చెప్తారెవరైనా. బురద కథలో మాత్రం ఒక్క ముక్క తేడా రానివ్వవు. హోయ్ట్ చెప్పింది చెప్పినట్టే."

"మరి ఒక్కసారీ అడగలేదే?"

"అడిగితే ఒప్పుకునేవాడివా? ఇంటిపైకప్పు ఎక్కి నాలుగు రోజులు దిగేవాడివి కాదు." వెర్నా పళ్ళెం తీసుకుంది. "మజ్జిగ తాగెయ్యి. మంచం మీద పడుకుని మధ్యాహ్నమంతా ఆలోచించకు, నీకది పడదు."

పడదు, నిజమే. టాలీ ఆలోచించి నిర్ణయాలు తీసుకునే మనిషి కాదు. లేచి నిలబడి తీసుకుంటాడు. ఆ రోజూ అలాగే చేశాడు. కారు తాళాలు చేతిలోకి తీసుకునేసరికి ఏం చెయ్యాలో ఆయనకు తెలిసిపోయింది. తెలిశాక ఆకలి కూడా వేసింది. వెనక్కి వచ్చి ఆ వదిలేసిన రొట్టెముక్క నిలబడే తిని వెళ్ళాడు.

గురువారం సాయంత్రానికి మైదానం పక్కన మడత కుర్చీలు నిండిపోయాయి. ట్రాక్టర్లు అమ్మే హోయ్ట్ క్రెన్‌షా, ఇప్పుడు పాత విద్యార్థుల సంఘానికి పెద్ద, ఎప్పట్లాగే ముందు వరసలో కూర్చుని టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏటా కథ ఆఖరి ఘట్టానికి వచ్చేసరికి అందరూ ముందుకు వంగుతారు, హోయ్ట్ మాత్రం తల వంచుకుని ఆ టోపీ అంచు వేలితో తడుముతూ కూర్చుంటాడు. వినయం అని ఊరంతా మెచ్చుకుంటుంది. వెర్నా అతని పక్క కుర్చీలో ఒళ్ళో పీకన్ పై ఉన్న పళ్ళెంతో కూర్చుంది.

జట్టు ఒక మోకాలు నేలకు ఆనించి అర్ధచంద్రంగా కూర్చుంది, హెల్మెట్లు పక్కన పెట్టుకుని. లూథర్ మధ్యలో ఉన్నాడు. పెట్‌వే చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని విజిల్ ఇంకా మెడలోనే ఉంది.

టాలీ బట్టల గదిలోంచి నడిచి వచ్చాడు. ఆయన చేతిలో ఆవపిండి చొక్కా ఉంది. అది మేకు మీద లేకుండా, ఏ కుర్రాడి ఒంటి మీదా లేకుండా ఉండటం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ముప్ఫై ఎనిమిది నవంబరు," అని మొదలుపెట్టాడు, ఏటా మొదలుపెట్టే గొంతుతోనే. ఆ గొంతు మైకు లేకుండా నది అవతలికి కూడా వినపడుతుందంటారు. "పొద్దుట్నించీ వాన. కాళ్ళు పెడితే మడమ దాకా దిగుతోంది. కాసేపటికి ఎవడు మావాడో ఎవడు కార్డెల్ వాడో తెలీని బురద. మెట్ల మీద ఒక గళ్ళ గొడుగు గాలికి తిరగబడింది."

కొత్తవాళ్ళు పెదవులు కదుపుతూ తనతో పాటే చెప్పుకోవడం ఆయన చూశాడు. గొడుగు దగ్గర మాత్రం వాళ్ళ పెదవులు తడబడ్డాయి. గొడుగు కథలో ఎప్పుడూ లేదు. హోయ్ట్ తలెత్తాడు.

"రెండో సగం మొదట్లో నా తలకి దెబ్బ తగిలింది," అన్నాడు టాలీ. "ఇక్కణ్ణించి నాకు తెలీదు."

కొత్తవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సరిగ్గానే విన్నారు. ఇక్కణ్ణించి నాకు ఏమీ తెలీదు. ఎడమచెయ్యి తెలీదు, బురద రుచి తెలీదు. ఆ సాయంత్రం నా భార్యని మొదటిసారి చూశానట, అదీ తెలీదు. ఇన్నేళ్ళుగా మీకు చెప్తున్నది నేను విన్న కథ. నాకు గుర్తున్నట్టు చెప్పాను. అది విని మీరంతా దెబ్బలు దాచుకోడం నేర్చుకున్నారు. మీలో ఒకడు మొన్న నా దగ్గరికొచ్చి, దెబ్బ తగిలినా ఎలా గుర్తు పెట్టుకోవాలో కిటుకు చెప్పమన్నాడు." ఆయన లూథర్ వైపు తిరిగాడు, గొంతు మాత్రం తగ్గించలేదు. "కిటుకు లేదు నాయనా. తలకి తగిలితే పోతుంది. నాకూ పోయింది."

అని, అందరూ చూస్తుండగా, ఆ చొక్కా తన తల మీదుగా తొడుక్కున్నాడు. అది కుర్రాళ్ళ కొలతకు కుట్టింది. పొట్ట దగ్గర ఆగిపోయింది. లాగాడు, దిగలేదు. అలాగే వదిలేసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అది నవ్వు రావలసిన దృశ్యం, కానీ ఆ అర్ధచంద్రంలో ఒక్కడూ నవ్వలేదు.

"ఇది ఇంక ఆ మేకు మీదికి పోదు. దెబ్బ తగిలినవాడు నాతోనో వెండెల్‌తోనో వచ్చి చెప్పండి. గోతిలో రంపప్పొట్టు రేపు ఎత్తించేస్తున్నాను. ఇక నీళ్ళ సంగతి, అది డీన్ గెలిచాడని నేను ఒప్పుకోడానికి ఇంకో వారం ఇవ్వండి." ఇప్పుడు ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. "లూథర్. శనివారం నువ్వు ఆడవు. ఇలా వచ్చి నా పక్కన నించో."

లూథర్ లేవలేదు. ముందు పక్కనున్న హెల్మెట్ వైపు చూశాడు. తర్వాత లేచి, నెమ్మదిగా నడిచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. "కార్డెల్ వాళ్ళు మనల్ని తినేస్తారు కోచ్" అన్నాడు ఆయనకు మాత్రమే వినపడేలా. "తిననీ," అన్నాడు టాలీ. "అరక్కపోతే వాళ్ళ ఖర్మ." అని కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు. చివర్న పెట్‌వే కట్టుకున్న చేతులు విప్పాడు.

టాలీకి పదేళ్ళు తగ్గినట్టు ఉంది. ఇంత సులువైన పనా ఇది, అనుకున్నాడు. గెలిచిన శనివారాల్లో ఛాతీ ఎలా నిండుతుందో అలాగే నిండింది. ఇక జట్టును పంపించేసి పీకన్ పై తినడమే మిగిలిందనుకుని కుర్చీల వైపు తిరిగాడు.

హోయ్ట్ క్రెన్‌షా నిలబడి ఉన్నాడు. ఒళ్ళోని టోపీ గడ్డి మీద పడిపోయింది, దాన్ని తీసుకోవాలని కూడా అతనికి తోచలేదు. పక్కన వెర్నా అతని మోచేయి పట్టుకుని కూర్చోబెట్టబోయింది. అతను ఆ చేతిని మెల్లిగా తప్పించాడు.

"ఏంటి హోయ్ట్, నా కథ పాడుచేశానని కోపమా?" అన్నాడు టాలీ నవ్వుతూ. "మిగతాది నువ్వే చెప్పు మరి. విసిరినవాడివి నువ్వే కదా. నీకు దెబ్బేమీ తగల్లేదు."

"తగల్లేదు," అన్నాడు హోయ్ట్. "నాకన్నీ గుర్తే. నీకు గుర్తున్నాయనే అనుకున్నాను రాయిస్. ఇన్నేళ్ళూ తెలిసే నాతో పాటు నోరు మూసుకున్నావనుకున్నాను."

"దేని గురించి?"

హోయ్ట్ ఆవపిండి చొక్కాలో నిలబడ్డ తన పాత స్నేహితుణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు.

"ఆ బంతి పట్టింది నువ్వు కాదు."